మోకాళ్ళ నొప్పులు - చిన్న చక్రాల సైకిలు

"డాక్టరుగారూ, మా ఆవిడకు యాభై రెండేళ్ళు. షుగరు వుంది. మోకాళ్ళ నొప్పులున్నాయి. నడవమంటే నడవలేదు. ఈమధ్య బజారులో మడతపెట్టే చిన్న చక్రాల సైకిళ్ళు కనిపిస్తున్నాయి గదా, అది కొనిపెడితే మంచిదేనా? పదేళ్ళపాటు పనికొస్తుందా, నాలుగు రోజులకే మూలపడుతుందా?" అని నంద్యాల సంజీవనగర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఇంచుమించు ఇదే ప్రశ్న మరి ముగ్గురు నలుగురు కూడా వేశారు. ఒకాయన మరీ సూటిగా "అది సైకిలా, బొమ్మా?" అన్నారు.

ప్రశ్నలో సగం వైద్యం, సగం బేరం. వస్తువుల కొనుగోలు జోలికి ఈ శీర్షికలో నేను సాధారణంగా పోను. కాని ఈ వ్యవహారం మా ఇంట్లోనే నడిచింది గనక, చూసింది చూసినట్టు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు.

మా అక్క ఆళ్లగడ్డలో వుంటుంది. బావ పోయాక ఒక్కతే. కొడుకు నంద్యాలలో బొమ్మలసత్రం దగ్గర మూడో అంతస్తులో కాపురం. వచ్చెయ్యమని ఎన్నోసార్లు అడిగాడు. ఆమె రానంది. సొంత ఇల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు, సాయంత్రం అరుగు మీద ఎదురింటివాళ్ళతో నాలుగు మాటలు - ఇవి వదిలి మూడో అంతస్తులో కిటికీ పట్టుకుని కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె మాటలో అన్యాయమేమీ నాకు కనిపించలేదు. కాని మోకాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. కూరగాయల బజారు ఇంటికి కిలోమీటరున్నర. వెళ్ళి వచ్చేలోపల రెండుచోట్ల ఎవరి అరుగుమీదనో కూర్చోవలసి వచ్చేది. ఎక్స్‌రే తీయిస్తే కీలు మధ్య సందు తగ్గిందని తేలింది. నెమ్మదిగా బజారు మానేసింది. కదలిక తగ్గింది గనక షుగరు పెరిగింది. బరువు నాలుగు కిలోలు పెరిగింది. బరువు పెరిగేసరికి మోకాళ్ళు ఇంకా మొరాయించాయి. రోజూ ముప్పావుగంట నడవమని చెప్పడం డాక్టర్లకు తేలికే. నడవడానికి కాళ్ళు కావాలి గదా! 2022లో, నంద్యాల జిల్లా కేంద్రమైన ఏడాది, ఆమెకు అరవై ఒకటి నిండింది. ఆ ఏడు దసరాకు మేమందరం కలిసినప్పుడు, ఇల్లు అద్దెకిచ్చి ఆమెను నంద్యాలకు తీసుకుపోవడమే మంచిదని దాదాపు నిర్ణయమైపోయింది. ఆమె ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

సైకిలు సంగతి నేను ఎత్తింది అప్పుడే.

ఇక్కడ కొంచెం వైద్యం చెప్పాలి. మనం చదునైన నేలమీద నడుస్తున్నప్పుడు, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి కీలు మీద పడే ఒత్తిడి శరీరం బరువుకి సుమారు రెండున్నర రెట్లు వుంటుంది. మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. అదే సైకిలు మీద, సీటు మీద కూర్చుని తేలికగా తొక్కుతున్నప్పుడు, ఆ ఒత్తిడి శరీరం బరువుకి కొంచెం అటూ ఇటూగా వుంటుంది, అంతే. బరువును సీటు మోస్తుంది. కీలు మాత్రం వంగుతూ, చాచుకుంటూ కదులుతుంది. ఆ కదలికకు కీలు లోపలి ద్రవం అంతటా పాకి, మృదులాస్థికి పోషణ అందుతుంది. తొడ ముందువైపు కండరాలు గట్టిపడతాయి. మోకాలికి ఆ కండరాలే దన్ను. పెద్ద పెద్ద కండరాలు పనిచేస్తాయి గనక రక్తంలోని చక్కెర ఖర్చవుతుంది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడవలేనివాళ్ళకి ఆ 150 నిమిషాలు సంపాదించుకునే మార్గాల్లో సైకిలు ఒకటి. ఈత ఇంకొకటి. కాని ఆళ్లగడ్డలో అరవయ్యేళ్ళ ఆడమనిషి ఈత ఎక్కడ కొడుతుంది?

సైకిలే అయితే మామూలు సైకిలు చాలదా అని మీరడగవచ్చు. మా నాయనకు నల్ల సైకిలు వుండేది. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ముందు అడ్డకడ్డీ. ముప్పై ఏళ్ళు నడిచింది. దాని మన్నిక గురించి నాకు రెండో మాట లేదు. కాని మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఆ సైకిలు ఎక్కలేరు. కాలు వెనక్కి ఎత్తి, క్యారియరు మీదుగా తిప్పి వెయ్యాలి. దిగేటప్పుడూ అంతే. ముసలివాళ్ళు సైకిలు ఎక్కుతూ దిగుతూ వున్నప్పుడు కూడా పడుతుంటారు. ఆడవాళ్ళ సైకిలుకి అడ్డకడ్డీ వుండదు, నిజమే. కాని చక్రం 26 అంగుళాలైతే పొట్టివాళ్ళకి అదీ ఎత్తే. మా అక్క అయిదడుగులు.

20 అంగుళాల చక్రాలున్న సైకిలుకి ఈ ఇబ్బంది లేదు. నడుమ కడ్డీ మోకాలు ఎత్తుకు కూడా రాదు. చీరె కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఆ కడ్డీ మీదుగా కాలు అవతల పెట్టుకుంటే చాలు. అనుమానం వస్తే రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబడవచ్చు. సీటు కడ్డీ పొడుగ్గా వుంటుంది గనక అయిదడుగుల అక్కకూ, అయిదడుగుల తొమ్మిదంగుళాల కొడుక్కూ ఒకే సైకిలు సరిపోతుంది. కొనేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఒక్కరికోసం కొన్న వస్తువు ఆ ఒక్కరికి విసుగొస్తే మూలపడుతుంది. ఇంట్లో ముగ్గురు వాడేది పడదు.

చిన్న చక్రం ఎంత తొక్కినా కదలదనే అపోహ మనలో గట్టిగా పాతుకుంది. దీనికి మూలం చాలా వెనకటిది. వందాయాభై ఏళ్ళ కిందట పెడళ్ళు ముందు చక్రానికే బిగించి వుండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు. అందుకని వేగం కావాలంటే చక్రాన్ని మనిషెత్తున చెయ్యవలసి వచ్చింది. 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన 'రోవర్' సైకిలు తెచ్చి, వెనక చక్రానికి చెయిను వేశాక ఆ అవసరం పోయింది. ముందు పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళు, వెనకదానికి ఎన్ని పళ్ళు అన్నదాన్నిబట్టి దూరం వస్తుంది. మా నాయన సైకిలు ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు అయిదున్నర మీటర్లు పోయేది. అక్క సైకిలుకి ముందు 46, వెనక 18. చక్రం చిన్నది గనక ఒక చుట్టుకి నాలుగు మీటర్లు. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు 12 కిలోమీటర్ల వేగం. మోకాళ్ళ నొప్పులవారికి ఇంతకంటె ఎక్కువ అవసరం లేదు. పైగా చుట్టుకి దూరం తక్కువైతే కాలు వెయ్యవలసిన బలమూ తక్కువే. మోకాలికి కావలసింది అదే: తేలికగా, ఎక్కువసార్లు. బరువుగా, తక్కువసార్లు తొక్కేది కుర్రవాళ్ళకు.

1962లో అలెక్స్ మౌల్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 16 అంగుళాల చక్రాల సైకిలు పెద్దవాళ్ళ కోసం అమ్మకానికి పెట్టాడు. సూయజ్ గొడవల్లో అక్కడ పెట్రోలుకి రేషను వచ్చింది, అప్పుడు ఆయన దృష్టి సైకిలు మీదికి మళ్ళిందట. చిన్న చక్రం గతుకుల్లో ఎక్కువ కుదుపుతుందని ఆయనకు తెలుసు. అందుకని టైర్లలో గాలి గట్టిగా పెట్టి, కుదుపు పీల్చుకోవడానికి రబ్బరు స్ప్రింగులు అమర్చాడు. అదే ఏడాది ఆ సైకిలు మీద కార్డిఫ్ నుంచి లండనుకు పందెం రికార్డు కూడా బద్దలయింది. దానికి పోటీగా మరో పెద్ద కంపెనీ, రాలీ, 1965లో చిన్న చక్రాల సైకిలు తెచ్చింది. స్ప్రింగులు పెట్టలేదు. వాటికి బదులు లావు టైర్లు వేసి, గాలి మెత్తగా వుంచారు. అది తొక్కినవాళ్ళ కాళ్ళు లాగేశాయి. చిన్న చక్రాలకు వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం ఈ మెత్తటి టైర్లదే. అంచేత మీరు ఏ చిన్న చక్రాల సైకిలు కొన్నా, టైరు పక్కన ఎంత గాలి పెట్టాలని రాసి వుందో చూసి, ఆ మేరకు వుంచండి. పది రోజులకొకసారి పంపు కొట్టాలి. "డాక్టరుగారూ, సైకిలు తొక్కితే ఆయాసం వస్తోంది" అని ఆ మధ్య ఒక పేషెంటు వస్తే, గుండె పరీక్ష చేసి, అది బాగానే వుందని తేలాక, వాకిట్లో వున్న ఆయన సైకిలు టైరు నొక్కి చూశాను. అప్పడంలా అణిగింది.

టైర్లలో గాలి మాట ఎలాగూ వచ్చింది గనక, గాలి టైరును జనంలోకి తెచ్చిన డన్లప్ కూడా ఒక వైద్యుడే. పశువుల వైద్యుడు. కొడుకు మూడు చక్రాల బండి కోసం చేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు.

ఇక మన్నిక సంగతి. పదేళ్ళు వాడదలచుకున్న సైకిలు విషయంలో అన్నిటికంటె ముఖ్యమైనది రంగు కాదు, కంపెనీ కాదు, గేర్ల సంఖ్య కాదు. టైరు. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. కిలోమీటరుకి మా నాయన సైకిలు చక్రం 445 చుట్లు తిరిగితే, అక్క సైకిలుది 637 చుట్లు. అందుచేత టైరు త్వరగా అరుగుతుంది. పైగా మన వైపు దారుల పక్కన కంపచెట్లు. ఆ ముళ్ళు చెప్పుల్లోంచి కూడా దిగుతాయి. అంటే టైర్లూ ట్యూబులూ తరచుగా మారుస్తూండాలి. అవి మన వూళ్ళో దొరుకుతాయా?

ఇక్కడ ఒక చిక్కు వుంది. 20 అంగుళాలని రాసి వున్న టైర్లన్నీ ఒకటి కావు. 20 × 1.75 అని దశాంశంలో రాసి వుంటే దాని రిమ్ము కొలత 406 మిల్లీమీటర్లు. 20 × 1⅜ అని భిన్నంలో రాసి వుంటే 451. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. 16 అంగుళాల్లోనూ ఇలాగే 305, 349 అని రెండున్నాయి. లండనులో ఆండ్రూ రిచీ 1970ల మధ్యలో రూపొందించిన బ్రామ్‌టన్ మడత సైకిలు పేరు చాలామంది వినే వుంటారు. మడిస్తే సూట్‌కేసంత అవుతుంది. చూడముచ్చటైన వస్తువు. దానిది 349. ధర లక్ష దాటుతుంది. లక్ష పెట్టగలవారు పెట్టవచ్చు గాక, ఆళ్లగడ్డలో దానికి పంక్చరు కాకుండా టైరే చిరిగితే ఏం చేస్తారు? 406 అయితే మన పిల్లల సైకిళ్ళకు వేసే టైరే. కొనే ముందు నేను, అక్క కొడుకు కలిసి ఆళ్లగడ్డలో మాకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిన సైకిలు షాపాయన దగ్గరికి వెళ్ళి టైరు కొలత చూపించాము. "చిన్నపిల్లల టైరే గదా సార్, యాడైనా దొరుకుతాది" అన్నాడాయన. అప్పుడే సైకిలు ఖాయం చేశాము. మీరు కూడా ముందు రిపేరు చేసే మనిషిని అడిగి, తర్వాత అమ్మే మనిషిని అడగండి. మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాము.

టైరుకి చూసినట్టే తక్కినవాటికీ చూడాలి. బ్రేకు కట్టెలు, తీగెలు, చెయిను, ఫ్రీవీలు మామూలు రకాలైతే ఏ మెకానిక్కయినా మారుస్తాడు. ప్రత్యేకమైన భాగాలు ఎన్ని తక్కువైతే సైకిలు అన్నేళ్ళు ఎక్కువ బతుకుతుంది. చట్రం ఇనుముదా, అల్యూమినియందా అన్నది ఇంకో ప్రశ్న. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. కాని విరిగితే మన వూరి వెల్డింగువాళ్ళ చేతిలో అతకదు. మేము ఇనుముది తీసుకున్నాము. అలాగని మడత దగ్గర చీలిక కనిపిస్తే ఇనుముదైనా సరే వెల్డింగు చేయించి వాడకండి.

మడత అసలు అవసరమా అన్నది నిజంగా ఆలోచించవలసిన విషయం. మడతపెట్టే సైకిళ్ళు సాధారణంగా 11 నుంచి 15 కిలోల బరువు వుంటాయి. నడుము నొప్పివాళ్ళు, హెర్నియా ఆపరేషను అయినవాళ్ళు, గుండెజబ్బువాళ్ళు దాన్ని ఎత్తుకుని మెట్లెక్కే ఆలోచన మానుకోవాలి. మూడో అంతస్తుకి మోసుకుపోదామని కొంటే సైకిలు వల్ల వచ్చే మేలు మెట్ల మీదే పోతుంది. వారానికి ఒక్కసారైనా మడిచే పని లేనివాళ్ళకి మడత ఒక అదనపు అతుకు, అంతే. అతుకు వున్నచోట బిగింపు వదులవుతుంది, కిర్రుమంటుంది, చూసుకోవాలి. అయితే మన బజారులో పెద్దవాళ్ళు తొక్కదగ్గ 20 అంగుళాల సైకిలు కావాలంటే చాలామటుకు మడత రకాలే దొరుకుతాయి. పిల్లల సైకిలుకే పొడుగు సీటు కడ్డీ వేయించుకుంటే చవకగా పోతుంది గదా అని కొందరు ఆలోచిస్తారు. వద్దు. పిల్లల చట్రం పొట్టిది, మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతాయి, పెద్దల బరువుకి ఆ చట్రం తయారుచేసిందీ కాదు. సీటు కడ్డీ మీద ఇంతకంటె పైకి లాగకూడదని ఒక గీత వుంటుంది. ఆ గీత బయట కనపడకూడదు. సైకిలు ఎంత బరువు మోస్తుందో కూడా రాసి వుంటుంది. మనిషి బరువు, సంచీ బరువు కలిపి చూసుకోవాలి.

మా అక్క తన సైకిలును మూడేళ్ళలో నాలుగుసార్లు మడిచింది, నంద్యాలకు కొడుకు కారులో తెచ్చుకోవడానికి. నాకు మాత్రం మడత పనికొచ్చింది. ఆమెది చూశాక నేనూ ఒకటి కొన్నాను. వారానికి రెండురోజులు నేను ఆళ్లగడ్డలో పేషెంట్లను చూడాలి. నంద్యాల నుంచి సుమారు నలభై కిలోమీటర్లు. ఆ వూరికి రైలు లేదు, బస్సే గతి. సైకిలు మడిచి, గోనెపట్టా చుట్టి, కండక్టరుతో రెండు మంచిమాటలు మాట్లాడితే బస్సులో ఎక్కడో ఒకచోట పడుతుంది. రెండు వూళ్ళలోనూ బస్టాండు నుంచి తొక్కుకుంటూ పోతాను. ఇలా రోజుకి నాకు అరగంట తొక్కుడు ఖర్చు లేకుండా కలిసొచ్చింది. జాతీయ రహదారి మీద మాత్రం ఈ సైకిలుతో పోను. లారీల గాలికి చిన్న చక్రం వణుకుతుంది.

ఆ మడత గురించే ఒక హెచ్చరిక. నూనెపల్లె నుంచి ఒకాయన భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మెడ ఎముక విరిగింది. హ్యాండిలు కడ్డీ దగ్గర వుండే బిగింపు సగమే పడింది, ఆయన చూసుకోలేదు. స్పీడు బ్రేకరు మీద హ్యాండిలు ముందుకు వాలిపోయింది. ఎక్కే ముందు ప్రతిసారీ - మడిచినా మడవకపోయినా - నడుమ బిగింపు, హ్యాండిలు బిగింపు, సీటు బిగింపు చేత్తో పట్టి చూడాలి. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకీ వెనక్కీ ఊపితే, ఎక్కడ వదులుందో చేతికి తెలుస్తుంది. పావు నిమిషం పని. మందు వేసుకున్నామో లేదో చూసుకున్నట్టే.

అక్కను ఒప్పించడం వేరే కథ. "ఏమబ్బీ, ఈ వయసులో నన్ను సైకిలెక్కమంటావా? జనం నవ్విపోరా?" అంది. "నవ్వేటోళ్ళు నీకు కూరగాయలు తెచ్చిస్తారా అక్కా?" అన్నాను. చిన్నప్పుడు ఆమె నాయన సైకిలు అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, వీధి చివరిదాకా తొక్కేది. పెద్దమనిషయ్యాక మా అవ్వ మాన్పించింది. 1991-92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలాదిగా సైకిలు నేర్చుకున్నారు, కూలిపనులకూ నీళ్ళకూ సైకిళ్ళమీద పోయారు. ఆ సంగతి చెప్పాను. "వాళ్ళు వయసులో వున్నోళ్ళు" అంది. అయినా మర్నాడు పొద్దున్నే అయిదున్నరకు, ఎవరూ లేవకముందు, బడి మైదానానికి వచ్చింది.

పెద్దవయసులో నేర్చుకునేవాళ్ళకి ఒక పద్ధతి చెబుతాను. సీటు బాగా దించెయ్యాలి, రెండు పాదాలూ పూర్తిగా నేలకానేటట్టు. రెండు పెడళ్ళూ విప్పించెయ్యాలి. సీటు మీద కూర్చుని కాళ్ళతో నేలను తోసుకుంటూ పోవాలి. వెనక ఎవరూ పట్టుకోనక్కరలేదు. పట్టుకుంటే వాళ్ళమీద ఆధారపడడమే నేర్చుకుంటారు. చిన్న చక్రాల హ్యాండిలు చటుక్కున తిరుగుతుంది, మొదటి నాలుగు రోజులు బెదురు పుట్టిస్తుంది. తర్వాత చేతికి అలవాటవుతుంది. అక్కకు పెడళ్ళు తిరిగి బిగించింది ఆరో రోజున. పదో రోజుకి మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. దిగి, ఏమీ మాట్లాడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది. నేనూ ఏమీ అడగలేదు.

బాలెన్సు వచ్చాక సీటు పైకి లేపాలి. ఇది మరిచిపోకండి. సీటు కిందకు వుంటే మోకాలు బాగా వంగి, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి తగ్గించుకుందామని ఎక్కి పెంచుకున్నట్టవుతుంది. పెడలు అట్టడుగున వున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి వుంటుంది. అదీ కొలత. ఒకేసారి కాకుండా వారానికి ఒక అంగుళం చొప్పున లేపండి. చేతివేళ్ళు, ముఖ్యంగా చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిలు మీద బరువు ఎక్కువ మోపుతున్నారన్నమాట. హ్యాండిలు ఎత్తు పెంచుకోవాలి. చీరె కట్టుకుని తొక్కేవాళ్ళకి చెయినుకు రేకు కవరు, వెనక చక్రానికి జాలీ తప్పనిసరి. అక్క సైకిలుకి కంపెనీ కవరు చాలదని మా షాపాయన రేకు కత్తిరించి ఒకటి చేసిపెట్టాడు. వానాకాలం నల్లరేగడి బురద మడ్గార్డులో ఇరుక్కుంటే చిన్న చక్రం తిరగనే తిరగదు. అప్పుడు దిగి కర్రపుల్లతో గీకవలసిందే, వేరే ఉపాయం లేదు.

అందరూ తొక్కవచ్చా అంటే, కాదు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, తలతిరుగుడు వున్నవారు, పై రక్తపోటు 180 దగ్గర ఆడుతున్నవారు, షుగరు వల్ల కంటిలో రక్తస్రావం అయినవారు తమ డాక్టరును అడగకుండా ఎక్కకూడదు. గర్భిణులు కొత్తగా నేర్చుకోవద్దు. ఇన్సులిను గాని, చక్కెరను గట్టిగా దించే మాత్రలు గాని వాడేవారు ఏమీ తినకుండా తొక్కకూడదు. కొంగున రెండు చెంచాల పంచదారో, నాలుగు గ్లూకోజు బిళ్ళలో వుంచుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే దిగి, వెంటనే తినాలి. ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆ రోజుకి సైకిలు అక్కడే ఆపెయ్యండి. ఎముకలు గుల్లబారినవారికి సైకిలు ఒక్కటే చాలదు. ఎముక గట్టిపడాలంటే దానిమీద బరువు పడాలి గనక, వీలైనంత నడక కూడా వుండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన నంద్యాల ఎండలు నలభై దాటి ఎక్కడికో పోతాయి. ఆ రోజుల్లో పొద్దున ఏడులోపల ముగించుకోవడం మంచిది.

మా అక్క షుగరు, మూడు నెలల సగటు పరీక్షలో, 9.1 నుంచి ఏడాదిన్నరలో 7.3కి వచ్చింది. దీన్ని సైకిలు మహిమ అని నేను ప్రచారం చెయ్యను. ఒక మాత్ర మార్చాము, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తింటోంది. కాని మాత్ర, రొట్టె అంతకు ముందు కూడా చెప్పినవే. బజారుకు పోయి వచ్చాక ఆమె రొట్టె చేసుకోగలిగింది. మోకాళ్ళ ఎక్స్‌రే ముందు ఎలా వుందో ఇప్పుడూ అలాగే వుంది. అరిగిన కీలు తిరిగి పెరగదు. నొప్పి మాత్రం నెలకు రెండు మూడుసార్లు మాత్ర వేసుకునేంతకు దిగింది. ఆపరేషను మాట వాయిదా పడింది. రద్దు కాలేదు.

ఇల్లు అద్దెకివ్వలేదు. "ముసల్ది పిల్లల సైకిలెక్కింది" అని మొదట్లో నవ్విన ఎదురింటావిడ పోయిన సంక్రాంతికి తన సీటు ఎత్తు ఎంత పెట్టాలని నన్నడిగింది. మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి అక్క సైకిలు వెనక చక్రానికి కొత్త టైరు వుంది. ఇది మూడోది. నంద్యాల నుంచి నేను తెచ్చేవాణ్ణి గదా అంటే, "నీ కోసం ఎదురుచూస్తా కూర్చుంటే నాకు కూరగాయలెవరు తెస్తారు?" అని, టమాటాల సంచీ దించుకుని లోపలికి వెళ్ళింది.